గోమారికి పురుడు: మర్రిపాలెం బాల్కనీలో 41 రోజులు

ఇది మళ్లీ చేసి చూడాలనుకునే వాళ్ల కోసం రాసిన డైరీ. సరిగ్గా నడిచిన రోజుల గురించి తక్కువ, పాడైన డబ్బాల గురించి ఎక్కువ ఉంటుంది. అడిగిన ప్రశ్న ఒక్కటే. విశాఖ మర్రిపాలెంలో మా అపార్ట్‌మెంట్ కింద పడుకునే నల్లోడికి (కుక్క) మందు వేసి, గోడలకు స్ప్రే కొట్టించాక కూడా నెల తిరక్కుండానే మళ్లీ గోమార్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

గోమారి అన్నా పిడుదు అన్నా ఒకటే. మా దగ్గర ఉన్నది గోధుమ రంగు కుక్క పిడుదు. పాత పుస్తకాల్లో దీని పేరు రైపిసెఫాలస్ సాంగ్వినియస్. మనలాంటి వేడి దేశాల్లో ఉండే రకాన్ని ఇప్పుడు రైపిసెఫాలస్ లిన్నేయి అని విడిగా పిలుస్తున్నారు. ఇది కీటకం కాదు, సాలీడు బంధువు. గుడ్డు, ఆరు కాళ్ల లార్వా, ఎనిమిది కాళ్ల నింఫ్, ఆ తర్వాత పెద్ద పిడుదు. గుడ్డు తర్వాతి మూడు దశల్లోనూ ఒక్కోసారి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కుక్క మీద నుంచి దిగిపోయి గోడ సందుల్లోకి పోతుంది.

దశ 1: పోగేయడం (రోజు 0, 1)

పట్టకారుతో కుక్క చెవిలోంచి లాగితే మూతి విరుగుతుంది, కడుపు నిండకముందే ఊడి వస్తుంది. అలా లాగిన మూడూ రెండు రోజుల్లో చచ్చాయి. వాటిని లెక్కలో కలపలేదు. పనికొచ్చిన పద్ధతి ఇది:

1. నల్లోడు పడుకునే చోట పాత తెల్ల పంచె పరిచాం. గురువారం, శుక్రవారం, రెండు రాత్రులు.
2. పొద్దున్నే పంచెను నాలుగు మూలలా పట్టుకుని తెల్ల టబ్బులో దులిపాం.
3. కడుపు నిండి తమంతట తామే రాలినవాటిని మెత్తటి బ్రష్‌తో డబ్బాల్లోకి ఎత్తాం.
4. శనివారం నల్లోడిని పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి నమిలే మాత్ర వేయించాం.

నాలుగోది ముఖ్యం. ఆ అపాయింట్‌మెంట్ ముందే తీసుకున్నది. పురుగులు పోగేయడం కోసం కుక్క మందును ఒక్క రోజు కూడా వాయిదా వేయలేదు, ఎవరూ వేయకండి.

రాలినవి: కడుపు నిండిన ఆడవి 4, నింఫ్‌లు 11, లార్వాలు 17. మొత్తం 32.

ఖర్చు: మూత డబ్బాలు పది 80, పట్టకారు 90, పెట్రోలియం జెల్లీ 45, సర్జికల్ స్పిరిట్ 60, రెండు వైపులా అంటుకునే టేపు 50. ఇప్పటికి 325 రూపాయలు.

వాచ్‌మన్ తాతది శ్రీకాకుళం వైపు ఊరు. డబ్బాల మీద నంబర్లు వేస్తుంటే చాలాసేపు చూసి, "గోమారికి పురుడు పోస్తన్నారేటి బాబూ?" అన్నాడు. నిజానికి చేసిన పని అదే.

దశ 2: డబ్బాలు పెట్టిన చోటు (రోజు 1 నుంచి 4)

ఫిషింగ్ హార్బర్ దగ్గర 50 రూపాయలకు పాత థర్మాకోల్ పెట్టె కొన్నాను. సోడా వేసి మూడుసార్లు కడిగాను. నా ముక్కుకు వాసన పోయింది గానీ చీమలకు పోలేదు. రెండో రోజు పొద్దున పెట్టె అంచున చీమల బారు కనిపించింది. పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే పెట్టెను కూడా నీళ్ల ట్రేలో పెట్టాను. చీమలు ఆగాయి. ఆ ట్రేతో ఇంకో తలనొప్పి మొదలైంది, దాని సంగతి దశ 5లో.

తేమ కొలిచే డిజిటల్ మీటరు 350 పెట్టి కొన్నాను. బాల్కనీలో 66 శాతం చూపించింది. సముద్రం నాలుగడుగుల్లో ఉన్న ఊళ్లో, ఏప్రిల్ తెల్లవారుజామున 66 ఏంటని అనుమానం వచ్చింది. ఉప్పుతో పరీక్ష చేశాను. ముద్దలా తడిపిన ఉప్పు పక్కన, మూసిన డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మన గది వేడిలో ఎంత మారినా ఆ అంకె పెద్దగా మారదు.

ఈ పరీక్షను కూడా మొదటిసారి చెడగొట్టాను. నీళ్లు ఎక్కువై ఉప్పంతా కరిగిపోయింది, మీటరు 79కి పోయింది. ఉప్పు పలుకులు కంటికి కనిపించాలి, తడి ఇసుకలా ఉండాలి. రెండోసారి అలా చేసి 14 గంటలు ఉంచితే 68 దగ్గర ఆగింది. అంటే నా మీటరు 7 తక్కువ చూపిస్తోంది. ఇక్కడి నుంచి రాసే అంకెలన్నీ ఆ 7 కలిపినవి.

నాలుగు ఆడవాటికి నాలుగు ఏర్పాట్లు:

డబ్బా 1: వీపును టేపుకు అతికించాను, పొట్ట పైకి. గుడ్లు ఎలా వస్తాయో చూడటానికి.
డబ్బా 2: అడుగున తడి దూది.
డబ్బా 3: ఉప్పు ముద్దతో 75 శాతం, బాల్కనీ పెట్టెలో, 29 నుంచి 32 డిగ్రీల వేడి.
డబ్బా 4: ఉప్పూ లేదు, దూదీ లేదు. రాత్రి ఏసీ వేసే పడకగదిలో, అల్మారా పైన. ఏసీ వేసినప్పుడు 53 శాతం.

ఖర్చు: 325 + పెట్టె 50 + మీటరు 350 + ఉప్పు 20. ఇప్పటికి 745.

దశ 3: తూకం (రోజు 2)

వంటింటి తూకం సున్నా చూపించింది. మిల్లీగ్రాములు తూచే కాటా ఇంట్లో ఎవరికుంటుంది? బంగారం పని చేసే వాళ్లకుంటుంది. డబ్బా 3లోని ఆడదాన్ని మూత గట్టిగా పడే చిన్న గొట్టంలో వేసుకుని కురుపాం మార్కెట్‌లో తెలిసిన కంసాలి గారి దగ్గరికి వెళ్లాను. ఖాళీ గొట్టం పెట్టి సున్నా చేసి, తర్వాత పురుగున్న గొట్టం పెట్టారు. ముందు ఫ్యాన్ ఆపారు. ఆ సంగతి నాకు తట్టలేదు. ఫ్యాన్ తిరుగుతుంటే చివరి అంకె నిలబడదట.

"నూట అరవై ఎనిమిది మిల్లీ. తరుగు తీసెయ్యమంటారా?" అన్నారాయన.

డబ్బు తీసుకోలేదు, టీ తాగించాను. ఆ తరుగు మాట తర్వాత పనికొచ్చింది.

దశ 4: గుడ్లు, రెండు ఓటములు (రోజు 5 నుంచి 19)

రోజు 5న డబ్బా 1, 3లలో గుడ్లు మొదలయ్యాయి. గోధుమ రంగు, నిగనిగలాడే పూసలు. ఒక్కోటి అర మిల్లీమీటరు లోపే. డబ్బా 2లో రోజు 6న, డబ్బా 4లో రోజు 7న.

డబ్బా 1 ఓటమి: రోజు 9కల్లా గుడ్లు ముడతలు పడి ఎండిపోయాయి. డబ్బా 3లో గుత్తిగా అంటుకుని ఉంటే ఇక్కడ పొడిపొడిగా, విడివిడిగా పడ్డాయి. తప్పు టేపుది. ఆడ పిడుదుకు తల దగ్గర, వీపు మీది గట్టి పలకకూ మూతికీ మధ్య ఒక అవయవం ఉంటుంది, జెనే అవయవం అంటారు. గుడ్డు బయటికి రాగానే పిడుదు మూతిని కిందికి వంచుతుంది. ఈ అవయవం చేతి వేళ్లలా బయటికొచ్చి గుడ్డును పట్టుకుని చుట్టూ మైనం పూస్తుంది. ఆ మైనమే గుడ్డులో నీరు ఆరిపోకుండా కాపాడేది, గుడ్లను ఒకదానికొకటి అతికించేది. నేను టేపును తల దాకా అతికించాను. తల్లి మూతి వంచలేకపోయింది, మైనం పూయలేకపోయింది.

అతికించాలనుకుంటే వీపు వెనక భాగం మాత్రమే అతికించండి. అసలు వద్దు అంటాను. డబ్బా గోడ లోంచి పక్కనుంచి చూసినా ఇదంతా కనిపిస్తుంది. డబ్బా 3లో ఒక గుడ్డు తల్లి మూతి కింది నుంచి పైకి ఎక్కడం రాత్రి పదకొండింటికి చూశాను. గుడ్లన్నీ అలా తల ముందర, తల మీద పేరుకుంటాయి, తల్లి వెనక్కి జరుగుతూ పోతుంది.

డబ్బా 2 ఓటమి: రోజు 11న తెల్ల బూజు, రోజు 13కి గుడ్లన్నీ దూదిలో కలిసిపోయాయి. పిడుదులకు తేమ కావాలని చదివి దూది పెట్టాను. అది అడవి పిడుదుల సంగతి. ఈ కుక్క పిడుదు ఎండు గాలికి బాగా ఓర్చుకుంటుంది, అందుకే ఇళ్లలో కాపురం పెడుతుంది. విశాఖ గాలికి తడి దూది అక్కర్లేదు.

రోజు 8న డబ్బా 3లోంచి 200 గుడ్లు లెక్కపెట్టి వేరు డబ్బాలో పెట్టాను. తడిపిన బ్రష్ కొన, నల్ల కాగితం, టేబుల్ ల్యాంపు. ఒక సాయంత్రం మొత్తం పట్టింది. 140 దగ్గర ఫోను మోగింది, మళ్లీ ఒకటి నుంచి మొదలు. నల్ల కాగితం మీద పదేసి కుప్పలు పెట్టుకోండి.

రోజు 19న గుడ్లు ఆగాయి. తల్లి ఎండిన ఎండుద్రాక్షలా అయిపోయింది, రెండు రోజుల్లో చచ్చింది. మళ్లీ కురుపాం మార్కెట్:

తల్లి మొదట 168 మి.గ్రా.
గుడ్లన్నీ కలిపి 98 మి.గ్రా.
మిగిలిన తల్లి 41 మి.గ్రా.
తేడా 29 మి.గ్రా. "ఇదండీ మీ తరుగు" అన్నారు కంసాలి గారు. ఎక్కువ భాగం ఆరిపోయిన నీరే.

విడిగా పెట్టిన 200 గుడ్లు 10 మి.గ్రా. తూగాయి. అంటే మొత్తం 1960. కాటా ఒక మిల్లీ కంటే తక్కువ చూపించదు కాబట్టి 1870, 2060ల మధ్య ఎంతైనా కావచ్చు. ఒక్క తల్లి, తన బరువులో సగానికి పైగా గుడ్లుగా మార్చి పోయింది.

దశ 5: కందకంలో పుట్టినవి (రోజు 10)

పెట్టె కింది నీళ్ల ట్రేను వారం రోజులు మార్చలేదు. రోజు 10న అమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చి, "గోమార్లు చాలవని దోమల్ని కూడా పెంచుతున్నావా?" అంది. ట్రే నిండా దోమ లార్వాలు, తలకిందులుగా వేలాడుతూ. తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి గాలి పీలుస్తున్నాయి. మలేరియా దోమ లార్వాకు ఆ గొట్టం ఉండదు, నీటి పైపొరకు సమాంతరంగా పడుకుంటుంది. ఇవి అవి కావు, డెంగీ దోమలో మామూలు ఇంటి దోమలో. కామా గుర్తులా వంగిన ప్యూపాలు కూడా రెండున్నాయి. అంటే నాలుగు లార్వా దశలూ దాటేశాయి, ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోయేవి. శుక్రవారం డ్రై డే (నిల్వ నీళ్లు పారబోసే రోజు) అని ఊరంతా చెబుతుంటే నేను బాల్కనీలో చెరువు తవ్వుకున్నాను.

మార్పు: ట్రే పారబోసి, గట్టిగా తోమి (ఏడిస్ అనే డెంగీ దోమ గుడ్లు నీటి అంచున అంటుకుని ఎండినా బతికే ఉంటాయి), కొత్త నీటిలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపాను. సబ్బు నీటి పైపొర వీగిపోతుంది, లార్వా దానికి వేలాడలేదు. పిడుదులకూ సబ్బు అవసరమే. ఉత్తి నీళ్లలో పడ్డ పిడుదు మునిగిపోయినా రోజుల తరబడి బతుకుతుంది. టాయిలెట్‌లో వేసి నీళ్లు కొడితే చచ్చిందనుకోకండి. నా డబ్బాల్లోవి చివరికి పోయేది సర్జికల్ స్పిరిట్‌లోకే.

దశ 6: ఆరు కాళ్లు ఎనిమిదైన రోజు (రోజు 8 నుంచి 16)

పంచె మీద దొరికిన 17 లార్వాలు, 11 నింఫ్‌ల సంగతి. 1400 పెట్టి యూఎస్‌బీ మైక్రోస్కోపు కొన్నాను (ఇప్పటికి 2145).

మొదటి కొలత తప్పు. ఖాళీ కడుపు లార్వా (తర్వాత డబ్బా 3లో పొదిగినది) పొడవు 0.54 మి.మీ. ఉండాలి, నాకు 0.9 వచ్చింది. కారణాలు రెండు. ముందుకు చాచిన కాళ్లను కూడా కలిపి కొలిచాను. పైగా స్టీలు స్కేలును ఒక జూమ్‌లో ఫొటో తీసి, లార్వాను ఇంకో జూమ్‌లో తీశాను. ఇప్పుడు ప్రతి ఫొటోలోనూ స్కేలు, పురుగు రెండూ పక్కపక్కనే ఉండేలా పెడుతున్నా. మళ్లీ కొలిస్తే 0.55 వచ్చింది.

కడుపు నిండిన లార్వాలు కదలకుండా బూడిద రంగు గింజల్లా పడి ఉన్నాయి. రోజు 8న మొదటిది కుబుసం విడిచింది. రోజు 10కి 17లో 15 నింఫ్‌లయ్యాయి, 2 చచ్చాయి. విడిచిన తొడుగుకు కాళ్లు ఆరు, బయటికొచ్చినదానికి ఎనిమిది. కాళ్లు లెక్కపెట్టడం కాక ఇంకో గుర్తు ఉంది: నింఫ్‌కు నాలుగో కాలి వెనక ఊపిరి పీల్చే పలక ఒకటి చెరో పక్క కనిపిస్తుంది. లార్వాకు అది అసలు ఉండదు, అంత చిన్న ఒంటికి చర్మం ద్వారా అందే గాలే సరిపోతుంది.

నింఫ్‌లు 11లో మొదటిది రోజు 13న, చివరిది రోజు 16న పెద్దవయ్యాయి. పది బయటికొచ్చాయి: ఆడవి 6, మగవి 4. మగదానికి గట్టి పలక వీపంతా ఉంటుంది, ఆడదానికి ముందు భాగంలోనే. అందుకే రక్తం తాగి చింతపిక్కంత ఉబ్బగలిగేది ఆడదే. పదకొండోది సగం కుబుసంలో ఇరుక్కుని చచ్చింది. దాన్ని రోజు 12న బ్రష్‌తో కదిపి చూసింది నేనే. కుబుసం దగ్గర పడ్డప్పుడు ముట్టుకోకండి.

ఇప్పటికి లెక్క: తెచ్చినవి 32. పై దశకు మారినవి 25, మారకుండా చచ్చినవి 3, ఆడవి 4.

దశ 7: పొదిగింది, తప్పించుకుంది (రోజు 24 నుంచి 33)

రోజు 22కి డబ్బా 3 గుడ్లలో తెల్ల చుక్క కనిపించింది, లోపలి లార్వా పోగేసిన మలినం అది. రోజు 24 తెల్లవారుజామున డబ్బా గోడ మీద ఆవగింజ పొడి చల్లినట్టు లార్వాలు. మొదటి గుడ్డు నుంచి 19 రోజులు.

మూతకు బదులు దోమతెర రెండు పొరలు కట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. దోమకు అడ్డం పడే కన్నం అర మిల్లీమీటరు జీవికి సింహద్వారం. కాపాడింది డబ్బా చుట్టూ రాసిన పెట్రోలియం జెల్లీ పట్టీ, అందులో ఇరుక్కున్నవి 61. సబ్బు నీటిలో 4. డబ్బా మొత్తాన్ని అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత స్పిరిట్ పోశాను. ఇప్పుడు జాకెట్ లైనింగ్ కాటన్ గుడ్డ రెండు పొరలు, పైన రబ్బరు బ్యాండు, దాని పైన జెల్లీ. (గుడ్డ 40, ఇప్పటికి 2185.)

ఇంకా కుట్టని పిల్లలే కదా, రోగం ఎలా అంటిస్తాయి అనుకోవద్దు. పశువుల టెక్సస్ జ్వరం మీద థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో చూపించింది ఇదే: తల్లి పిడుదులోని రోగక్రిమి గుడ్డు ద్వారా పిల్లలకు చేరుతుంది. కుక్క పిడుదులోనూ బబేసియా (అదే జాతి రోగక్రిమి) అలాగే దిగుతుంది. గోళ్లతో నలపొద్దు, చేతి తొడుగులు వేసుకోండి.

విడిగా పెట్టిన 200 గుడ్లలో పొదిగినవి 183. అంటే 91.5 శాతం.

డబ్బా 4 చచ్చిపోయిందనే అనుకున్నా. ఉప్పు లేదు, 53 శాతం గాలి. రోజు 33న అదీ పొదిగింది, 26 రోజులకు. ఎండు గాలి దాన్ని ఆపలేదు, రాత్రి చల్లదనం ఓ వారం వెనక్కి నెట్టిందంతే.

దశ 8: గోడ దగ్గర (రోజు 24 నుంచి 30)

అపార్ట్‌మెంట్ వాళ్లు స్ప్రే కొట్టించింది రోజు 3న, ఒక్కసారే, నేల మీదా గోడ అడుగునా. నా డబ్బాల ప్రకారం రాలిన రోజు నుంచి గుడ్లకు 5 రోజులు, పొదగడానికి ఇంకో 19. గుడ్లు పెట్టడమే రెండు వారాలు సాగుతుంది కాబట్టి లార్వాలు ఇంచుమించు రోజు 24 నుంచి 38 దాకా వస్తూనే ఉంటాయి. ఆ స్ప్రే నాటికి ఇవింకా గుడ్లు కూడా కాలేదు.

వెడల్పు ప్యాకింగ్ టేపును గోడ పగుళ్ల మీద అద్ది తీసి, అతుక్కున్నవి లెక్కపెట్టాను.

రోజు 24: 0
రోజు 26: 37
రోజు 28: 112
రోజు 30, పగుళ్లు పూడ్చాక: 9

రోజు 26న దొరికిన 37లో 31 మీటరు బోర్డు కింద పగులులోవి, నేలకు ఐదడుగుల ఎత్తున. నేను మొదట మోకాలి ఎత్తు దాకే వెతికాను. కడుపు నిండిన ఆడవి పైకి పాకుతాయి. వాచ్‌మన్ తాతకు ఇది ముందే తెలుసు. "గోమారి గోడెక్కుద్ది బాబూ, మా పశువులశాలలో దూలం మీద కూడా చూసినాం" అన్నాడు. అడిగుంటే మొదటి రోజే చెప్పేవాడు.

రోజు 28న చేసినవి:

1. పగుళ్లలో పాత టూత్‌బ్రష్‌తో గీకి, రాలినదాన్ని స్పిరిట్ డబ్బాలోకి ఎత్తాం.
2. ఆరడుగుల ఎత్తు దాకా పగుళ్లన్నీ తెల్ల సిమెంటుతో పూడ్చాం (సిమెంటు 90, ఇప్పటికి 2275).
3. నల్లోడి గోనెపట్టా తీసేసి, ఉతకడానికి వీలుగా దుప్పటి వేశాం. ప్రతి ఆదివారం మరుగు నీళ్లలో.
4. రెండో స్ప్రే రోజు 38 తర్వాతే కొట్టించమని అపార్ట్‌మెంట్ వాళ్లకు కాగితం మీద తేదీ రాసిచ్చాను.

దశ 9: మిగిలిన డబ్బా (రోజు 33 నుంచి 41)

డబ్బా 4 లార్వాల్లో 30 ఉంచి తక్కినవి స్పిరిట్‌లో వేశాను. తిండి లేకుండా ఎన్నాళ్లుంటాయో చూడాలి. రెండు పొరల గుడ్డ, జెల్లీ, బయట ఇంకో పెద్ద మూత డబ్బా, సబ్బు నీళ్ల ట్రే.

రోజూ పెద్ద డబ్బా మూత తీసి, గుడ్డ మీద మెల్లగా ఊపిరి వదులుతాను. గుత్తిగా నిద్రపోతున్నవి ఒక్కసారిగా కదిలి ముందు కాళ్లు రెండూ గాల్లోకి లేపుతాయి. ఆ కాళ్ల కొసన హాలర్ అవయవం ఉంటుంది, 1881లో దాన్ని వర్ణించిన ఆయన పేరే పెట్టారు. మనం వదిలే కార్బన్ డయాక్సైడును, వాసనను దాంతో పసిగడతాయి. ఫ్యాను గాలి తగిలినా ఇలా లేపుతాయేమోనని చూశాను. రెండు మూడు కదిలాయి గానీ కాళ్లు లేపలేదు.

రోజు 39: రెండో స్ప్రే అయింది, ఈసారి ఆరడుగుల ఎత్తు దాకా.
రోజు 40: గోడ టేపు మీద 1.
రోజు 41: గోడ టేపు మీద 0. నల్లోడి చెవుల్లో 0. డబ్బాలో 30కి 28 బతికున్నాయి, ఊపిరి వదిలితే 28కి 28 కాళ్లు లేపాయి.